నేరం పదానిదా, మన బోధనదా?



"కథలూ పద్యాలూ తెలుగులో సరే సార్, సైన్సు మాత్రం తెలుగులో పిల్లల తలకెక్కదు" అని ఒక తండ్రి నాతో అన్నారు. ఉదాహరణగా ఆయన చూపిన పదం 'అంశిక స్వేదనం'. ముడి చమురు పాఠంలోని ఈ ఒక్క మాటను సాకుగా చేసుకొని బిడ్డను తెలుగు మాధ్యమం నుండి తప్పించబోతున్నారు. ఆయనకు నేనిచ్చిన సమాధానమే ఇది.

'ఫ్రాక్షనల్ డిస్టిలేషన్' అనే మాట మాత్రం ఏ బిడ్డకు పుట్టుకతో తెలుసు? స్వేదం అంటే చెమట. అన్నం ఉడికే గిన్నె మూత లోపలివైపు చెమర్చడం చూడని బిడ్డ ఉండదు. ఆవిరి చల్లబడి మరల ద్రవం కావడమే అక్కడ జరిగేది. అంశికం అంటే భాగాలుగా. తమిళ పుస్తకం స్వేదనాన్ని 'కాయ్చి వడిత్తల్' అంటుంది. కాచి వడకట్టడమని ఇంటి మాటల్లోనే పిల్లలకు అందుతుంది. మనం మన పదాన్ని విప్పి చెప్పము, పైగా అది కష్టమంటాము!

మా చెన్నై వైపు పిల్లలు మణలిలోని చమురుశుద్ధి కర్మాగారపు గోపురాలను దూరం నుండి చూస్తూనే ఉంటారు. 1969 నుండి నడుస్తున్న కర్మాగారమది. అక్కడ జరిగేది తెలుగులో చెప్పలేమా? చూడండి.

ముడి చమురు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బనుల మిశ్రమం. దానిని కొలిమిలో సుమారు 350 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి గోపురం దిగువ భాగంలోనికి పంపుతారు. గోపురం అడుగున వేడి ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. పైకి లేచే ఆవిరులలో ఏది ఎక్కడ తన మరుగు స్థానం కన్నా చల్లబడుతుందో అక్కడి పళ్ళెంలో ద్రవమై నిలుస్తుంది. డీజిలు దిగువన, కిరసనాయిలు దాని పైన, పెట్రోలుకు మూలమైన నాఫ్తా ఇంకా పైన. వంటగ్యాసు వంటి వాయువులు శిఖరం నుండి వెలువడతాయి. ఆవిరి కానిది అడుగున మిగులుతుంది. దానిని ఇంకా వేడిచేస్తే అణువులు విరిగిపోతాయి; కనుక పీడనం తగ్గించిన మరొక గోపురంలో మరల స్వేదనం చేస్తారు. చివరకు మిగిలిన దాని నుండే రోడ్లకు వేసే తారు వస్తుంది.

ఇందులో పిల్లలకు అందని మాట ఏది?

ఉపాధ్యాయ మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. "తేలికైనవి పైకి, బరువైనవి కిందికి" అని చెప్పి పాఠం ముగిస్తాము. నీటిపై నూనె తేలినట్టు గోపురంలో ఏదీ తేలదు. వేరుచేసేది మరుగు స్థానాల తేడా. ఆ కారణం చెప్పకుండా నేనూ ఎన్నో ఏళ్ళు పట్టికను వల్లె వేయించాను. మార్కులు వచ్చాయి, పాఠం రాలేదు. అదే పట్టికను ఆంగ్లంలో బట్టీ పట్టినా గతి ఇంతే.

కనుక పాఠం మొదలుపెట్టే ముందు ఒక గిన్నె, ఒక మూత తరగతికి తీసుకొని వెళ్ళండి. తల్లిదండ్రులారా, బడి మార్చే ముందు "డీజిలు కన్నా కిరసనాయిలు పైన ఎందుకు చేరుతుంది?" అని బిడ్డను అడగండి. జవాబు రాకపోతే మమ్మల్ని నిలదీయండి. నేరం మాది; శిక్ష తెలుగుకు వేయకండి.