ఫ్రిజ్ వెనక సందు

పండగ వస్తోందంటే ఫ్రిజ్ జరపాలి. స్టవ్‌కీ గోడకీ మధ్య పేరుకున్న జిడ్డు గీకాలి. చెయ్యి దూరని చోట పుల్లకి గుడ్డ చుట్టి తుడవాలి. ఎవరు చేస్తారు ఇదంతా? ఇల్లాలు, లేదా పనిమనిషి.

యంత్రాలొస్తే ఆడవాళ్ళకి తీరిక చిక్కుతుందన్నారు. అమెరికాలో అలా జరగలేదని చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే రాసింది. యంత్రాలతోపాటు శుభ్రత గురించిన అంచనాలూ పెరిగాయి. మన వంటిళ్ళలోనూ అంతే. మిక్సీ రుబ్బురోలు చాకిరీని తప్పించింది. కానీ దాని సందుల్లో ఎండిన పిండిని గీకే పని తెచ్చిపెట్టింది.

2024 కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ సందు శుభ్రంగా ఉన్నంతకాలం ఎవరికీ కనబడదు. మురికి పట్టిన రోజున మాత్రం మాట పడేది ఆడదే.

పనిమనిషి ఉన్న ఇళ్ళలో ఏం చేస్తున్నాం? అంట్లకీ ఊడ్చి తుడవడానికీ మాట్లాడుకున్న జీతంలోనే పండగ ముందు ఫ్రిజ్ కూడా జరిపిస్తున్నాం. హక్కుల గురించి మాట్లాడే మనమూ ఇందుకు మినహాయింపు కాదు. అదనపు పనికి అదనపు కూలి ఇవ్వడం, మగవాళ్ళు కూడా ఆ సందులో చెయ్యి పెట్టడం, ఈ రెండూ మన ఇళ్ళలోనే మొదలుకావాలి.