రోడ్డు లెక్కలో మన వాడ ఎక్కడ?

రోడ్డు వద్దని మనం అనటం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే అభివృద్ధి నిరోధకులని ముద్ర వేస్తారు. రోడ్డు పడ్డాకే మనోళ్ళు దొర గడప తొక్కకుండా పట్నం పోయి కూలి చేసుకున్నారు. నేనూ ఆ బస్సెక్కి చదువుకున్నవాణ్ణే. గొడవల్లా లెక్క గురించే.

పెద్ద హైవే వేసేముందు పర్యావరణానికి జరిగే నష్టం మీద రిపోర్టు రాయాలని 1994 నుంచి రూలుంది. 2006లో దాని స్థానంలో కొత్తది తెచ్చారు. ఎన్ని చెట్లు కొడతారు, పని జరిగేటప్పుడు దుమ్ము లేవకుండా ఏం చేస్తారు, మళ్ళీ ఎన్ని మొక్కలు నాటుతారు - రిపోర్టులో బరువంతా వీటి మీదే. రిబ్బను కత్తిరించాక లెక్క అయిపోయినట్టే. కానీ రోడ్డు బతుకు మొదలయ్యేది ఆ రోజే గదా! 2018 నాటి ఇంజనీర్ల కోడు ప్రకారం జాతీయ రహదారిని 20 ఏళ్ళ లారీల బరువు లెక్కేసి కట్టాలి. లారీ బరువుకి 20 ఏళ్ళ లెక్క ఉంటే వాడ జనం ఊపిరికి ఎందుకుండదు?

రోడ్డు పుట్టిన చోటు కూడా చూడాలి. మట్టి ఎక్కణ్ణుంచి తెస్తారు? ఊరి గుట్ట, చెరువు శిఖం, మన అసైన్డు భూమి. గుంత మిగుల్తుంది. వానాకాలం ఆ గుంతలో ఈతకి దిగేది మన పిల్లలే. కంకర మిషను కాడ పనిచేసేది వడ్డెరోళ్ళు, మాల మాదిగలు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది. నయం చేసే మందు లేదు. రోడ్డు పని ముగిసిన ఎన్నో ఏళ్ళకి జబ్బు బయటపడుతుంది. ఆ మనిషిని ఏ గడిలో రాశారు?

2020 మార్చి 28న, లాక్‌డౌన్ పెట్టిన నాలుగో రోజున, రోడ్ల కోసం మట్టి తవ్వటానికి పర్యావరణ అనుమతే అక్కర్లేదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. జనం ఇళ్ళల్లో ఉన్నారు, అడిగేవాడెవడు? సుప్రీంకోర్టు 2024 మార్చిలో దాన్ని కొట్టేసింది. ఈ మధ్య నాలుగేళ్ళలో తవ్విన గుంతల సంగతేంటి?

ఇంకో సంగతి. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకి దెబ్బ రెండింతలు కాదు, సుమారు 16 రెట్లు. అంటే చెడగొట్టేది మన సైకిలూ, ఆటో కాదు, ఓవర్‌లోడు గ్రానైటు, ఇసుక లారీలు. అవి ఎవరివో మీకు తెలుసు. వాళ్ళు చెడగొడితే మళ్ళీ వేయటానికి తవ్వేది మన గుట్ట. మా ఊళ్ళో అట్లా రోడ్డు మీద రోడ్డేసి కట్టలాగా చేశారు. వాడ పల్లంలో పడింది. తూములేమో పాతవే. గట్టి వానొస్తే బడికి సెలవు.

ప్రజాభిప్రాయ సేకరణకి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రిపోర్టు సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో అడిగి తీసుకోండి. కొత్తగా భూమి తీసుకోకుండా వెడల్పు చేసే పనులకి ఈ సభ ఉండదు, అప్పుడు గ్రామసభలోనే పట్టుబట్టాలి. మట్టి ఏ సర్వే నంబరులోంచి తీస్తారు, గుంత ఎవరు ఎప్పటికి పూడుస్తారు, వాడ దగ్గర తూము ఎంత వెడల్పు, పదేళ్ళకి మళ్ళీ రోడ్డేసినప్పుడు పాత పొర చెక్కేస్తారా, దాని మీదే వేస్తారా - జవాబులు మినిట్సులో రాయించి, కాపీ చేతికొచ్చాకే లేవండి.