తలుపు బయట తల్లి

మాది వనపర్తి జిల్లా పాన్‌గల్. ఖిల్లా గుట్ట నీడన పెరిగి, పసికందుల వార్డుల్లో నర్సుగా, ఆ తర్వాత నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నా నోటి నుంచి ఎక్కువసార్లు వచ్చిన మాట: "ఇన్‌ఫెక్షన్ వస్తది, బయట కూసో."

ఒక బాలింత గుర్తుంది. మా వైపు తండా పిల్ల. ఏడో నెలలోనే కాన్పయింది. బిడ్డ లోపల వెచ్చదనమిచ్చే వార్మర్ మీద, ఆమె బయట మెట్ల మీద. మూడో రోజు పాలు పడి జాకెట్ తడిసిపోతుంటే నల్లా దగ్గరికి పోయి పిండి పారబోసుకుంది. అదే గంటలో లోపల నేను ఆ బిడ్డకు డబ్బా పాలు కలుపుతున్నాను! "పెట్టెల పెట్టిండ్రు, ఒక్కపారి సూపియ్యరాదు సిస్టరమ్మా" అని ఆమె అత్త బతిమాలితే కసిరాను. బిడ్డ బతికింది. తల్లికి పాలు ఎండిపోయాయి.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్ పెట్టెలు చాలక, తక్కువ బరువు పిల్లలను తల్లుల ఎదకు కట్టారు. కంగారూ పద్ధతి అన్నది అట్లా మొదలైంది. చాలాకాలం మేం దాన్ని బిడ్డ కుదుటపడ్డాకే మొదలుపెట్టేవాళ్లం. ఆ తర్వాత ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లలను పుట్టిన వెంటనే ఎదకు చేర్చి చూశారు. 2021లో ఫలితాలొచ్చాయి: 28 రోజుల్లోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఇన్‌ఫెక్షన్ అనుమానాలూ తగ్గాయి. నేను తలుపు మూసింది ఆ పేరు చెప్పే కదా.

కుటుంబాన్ని వార్డులోకి రానిచ్చి, చూసుకోవడం నేర్పించాలని కేంద్రం 2017లోనే మార్గదర్శకాలిచ్చింది. వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు 2022లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. సంతోషమే. కానీ వార్మర్లతో పాటు, వాటి పక్కనే తల్లికి మంచం కూడా లెక్కలో వేయాలి. బిడ్డను పెద్దాసుపత్రికి పంపితే, ఆపరేషనైన తల్లిని ఇక్కడే వదిలేయకుండా ఇద్దరినీ ఒకే చోట చేర్చాలి. తండ్రి బొంబాయి పనికి పోయి ఉంటే అమ్మమ్మో నాయనమ్మో వంతులేసుకుంటారు. కొంగుతో కట్టుకోవడం వాళ్లకు కొత్త కాదు, ఉగ్గుగిన్నె పట్టడమూ కొత్త కాదు. అయితే తల్లులున్నారు కదా అని నర్సుల పోస్టులు కోసేస్తే మాత్రం ఊరుకోకూడదు.

చివరి ఏళ్లలో నా స్టూడెంట్లను మొదటి రోజు నేరుగా వార్డులోకి తీసుకెళ్లేదాన్ని కాదు. గంటసేపు బయట మెట్ల మీద తల్లుల పక్కన కూర్చోమనేదాన్ని. ఒకమ్మాయి లోపలికి వచ్చీ రాగానే అడిగింది: "మేడం, ఆమె పొద్దుగాల్నుంచి ఏం తినలే. అన్నం ఎవరు పెడ్తరు?"