మైదానం ఎవరిది?

ఆ మధ్య గాజువాక దగ్గర ఒక బస్తీలో మహిళా సంఘం సమావేశానికి వెళ్ళాను. మాటల మధ్యలో ఒక తల్లి "మా పిల్ల బాగా పరిగెడతాదమ్మా. పెద్దమనిషయ్యాక మానిపించీసినాం" అంది. ఎందుకని అడిగితే "గ్రౌండు నిండా మగపిల్లలే కదా!" అంది.

నాకు జ్యోతి యర్రాజీ గుర్తొచ్చింది. ఆమె ఈ విశాఖ పిల్లే. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లో పనిచేసింది, ఆసుపత్రిలో శుభ్రం చేసే పనికీ వెళ్ళింది. పోర్టు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుల కంట పడిన జ్యోతి, శిక్షణ కోసం హైదరాబాదు, గుంటూరు, భువనేశ్వర్ వెళ్ళింది. 2022లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు పూర్తిచేసిన మొదటి భారతీయ మహిళ అయింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్యదీ ఇలాంటి ప్రయాణమే. ఫుట్‌బాల్ వృత్తిగా ఆడటానికి ఆమె 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టుకి వెళ్ళింది. ఆ తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది. మన దేశంలో పురుషులకి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1996లో మొదలైతే, స్త్రీలకి 2017 దాకా లేదు. ఆ ఇరవై ఏళ్ళలో ఆట వదిలేసిన అమ్మాయిల లెక్క ఎవరు రాశారు?

పత్రికలు వీళ్ళని 'మట్టిలో మాణిక్యాలు' అంటాయి. ఆ మాట నాకు మింగుడుపడదు. పిల్ల పరుగు వెనక తల్లి రెండు చోట్ల చేసిన చాకిరీ ఉంది. ఒక ప్రభుత్వరంగ సంస్థ పేరు మీద నడిచిన బడి ఉంది. వీటిని పక్కకి నెట్టి అంతా వ్యక్తిగత పట్టుదలే అంటే, పోటీలోకే రాలేని పిల్లలది వాళ్ళ తప్పే అవుతుంది. అమెరికాలో కాలేజీ ఆటల్లోకి ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో రావడానికి కారణం వాళ్ళ పట్టుదల ఒక్కటే కాదు. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్ష కూడదని 1972లో చేసిన చట్టం కూడా.

మగపిల్లవాడు ఊరు దాటితే ఎదుగుదల అంటాం. ఆడపిల్ల దాటితే ఆరాలు తీస్తాం. హాస్టల్లో రక్షణ, మహిళా శిక్షకులు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఫిర్యాదు చేస్తే వినే కమిటీ - ఇవి లేకుండా "పంపించండి" అని తల్లులకి చెప్పే హక్కు మనకెక్కడిది?

'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలిచ్చిన నేల ఇది. పోర్టుకీ, ఉక్కునగరానికీ, విశ్వవిద్యాలయానికీ మైదానాలున్నాయి. సాయంత్రం పూట వాటిలో ఆడపిల్లలకి ఎన్ని గంటలు కేటాయిస్తున్నారని మన సంఘాలు లిఖితపూర్వకంగా అడగాలి. రేషను కార్డు కోసం, కూలి రేట్ల కోసం అడిగినంత గట్టిగా అడగాలి.

గాజువాక తల్లికి ఆ రోజు నేనేమీ జవాబు చెప్పలేకపోయాను. మళ్ళీ వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళదలుచుకోలేదు.