పిల్లకాకి నెగ్గితే ఏమనాలి?

సంక్రాంతి సెలవుల్లో మనవరాలు అష్టాచెమ్మా ఆడదామంటుంది. గవ్వలు వెయ్యడం మొన్ననే నేర్చుకుంది. సరేనని కూర్చుంటే నాలుగు కాయలూ పండించుకుని లేస్తుంది. అప్పుడు మీరేమంటారు చెప్పండి?

"ఏదో గాలివాటంగా నెగ్గావులే" అంటాం. లేకపోతే "చిన్నపిల్లవని నేనే వదిలేశాను" అంటాం. మొదటి మాట పిల్ల తెలివిని కొట్టిపారేస్తుంది. రెండోది ఆ గెలుపునే లాగేసుకుంటుంది. ఓడినా పెద్దరికం పోకూడదని మన తాపత్రయం!

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ" అని సామెత ఉంది. మరి ఆ పిల్లకాకే నెగ్గితే? పత్రికల్లో "పసికూన చేతిలో పరాభవం" అని రాస్తారు. నెగ్గినవాళ్ళ కష్టం అందులో ఎక్కడుందండీ?

మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్‌నే తీసుకోండి. 2019 ఆగస్టులో థాయ్‌లాండ్ ఓపెన్ బ్యాడ్మింటన్ డబుల్స్ ఫైనల్లో ఎదురుగా నిలిచింది 2018 ప్రపంచ ఛాంపియన్లయిన చైనా జోడీ. సాత్విక్‌కి అప్పటికి 19 ఏళ్ళు కూడా నిండలేదు. చిరాగ్ శెట్టితో కలిసి టైటిల్ కొట్టుకొచ్చాడు. 'చైనావాళ్ళకి పరాభవం' అనుకోలేదు మనం. 'మనవాడు నెగ్గాడు' అనుకున్నాం!

ఓడినవాళ్ళు మనవాళ్ళయినా అదే మాట అనగలగాలి. 2025 జులైలో బటూమిలో మహిళల చదరంగం ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. మన కోనేరు హంపికి 38 ఏళ్ళు, దివ్యా దేశ్‌ముఖ్‌కి 19. హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య పుట్టనేలేదు. రెండు ఆటలు డ్రా అయ్యాక టైబ్రేక్‌లో దివ్య నెగ్గింది. ఆ గెలుపుతోనే తనూ గ్రాండ్‌మాస్టర్ అయింది. ఇందులో హంపి గొప్పతనం ఏం తరిగింది? అంతటి మనిషి మీద నెగ్గింది కనకే ఆ గెలుపుకి అంత విలువ.

అన్నిచోట్లా గెలుపు కోరుకున్నా, బిడ్డల చేతిలో మాత్రం ఓటమినే కోరుకోమన్నారు పెద్దలు. ఇది ఆటలకే కాదు, వంటింటికీ వర్తిస్తుంది. ఆత్రేయపురం వైపు ఏ ఇంట్లోనో కొత్తకోడలు అత్తగారికంటే పల్చగా పూతరేకు తీసిందనుకోండి. "అదంతా మా కుండ మహిమలే" అనకండి. "నెగ్గావే అమ్మాయ్!" అనండి. పిండి కలిపేటప్పుడు ఏ సందేహం వచ్చినా ఆ పిల్ల మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది.