మందలో గొర్రెలు కారు వాళ్లు

విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడటానికి జనం టికెట్టు కొనుక్కుని మరీ బారులు తీరతారు. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాను తెలుగువాళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. సముద్ర యుద్ధం అనగానే మన చూపు ముందు జలాంతర్గామి మీదికి, ఆ తర్వాత దాన్ని వేటాడే యుద్ధనౌక మీదికి పోతుంది. ఆ రెండింటి నడుమ గోధుమలో, పెట్రోలో మోసుకుపోతున్న ఓడ ఒకటుందని గుర్తురాదు. వచ్చినా అది ఎరగానే గుర్తొస్తుంది. 1939 సెప్టెంబరు నుంచి 1945 మే దాకా సాగిన అట్లాంటిక్ యుద్ధం గురించి లోకమంతా చెప్పుకునే కథ కూడా ఇదే. సరకు ఓడలు గొర్రెలమంద, యుద్ధనౌకలు కాపలా కుక్కలు, యూ-బోట్లనే జర్మన్ జలాంతర్గాములు తోడేళ్లు. చివరికి ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో మేధావులు జర్మన్ల ఎనిగ్మా యంత్రపు సంకేతాలను ఛేదించి మందను ఒడ్డుకు చేర్చారు.

ఈ కథ తప్పు. అందులో పాత్రలన్నీ నిజమే, మేధావులూ నిజమే. యుద్ధం చేసింది ఎవరన్న దగ్గరే తప్పు.

ఆ యుద్ధంలో గెలుపుకి కొలత ఏమిటో ముందు చూడాలి. బ్రిటన్ ద్వీపం. తినే తిండిలో సగానికి పైగా, దాదాపు చమురంతా సముద్రం మీదుగా రావాల్సిందే. జర్మన్ జలాంతర్గామి దళాధిపతి డోనిట్జ్‌కు ఇది బాగా తెలుసు. ఆయన లెక్క యుద్ధనౌకలది కాదు, సరకు ఓడల టన్నులది. కొత్త ఓడలు కట్టే వేగం కన్నా ముంచే వేగం ఎక్కువుంటే చాలు, బ్రిటన్ దానంతటదే కూలిపోతుందని ఆయన వ్యూహం. అంటే ఆ వ్యూహాన్ని ఓడించే మార్గం ఒక్కటే, ఓడలు బయల్దేరుతూనే ఉండాలి. జలాంతర్గామిని ముంచినా ముంచకపోయినా సరకు లివర్‌పూల్‌కు చేరితే ఆ రోజు యుద్ధం గెలిచినట్టే. ఆ పని చేసింది తుపాకీ పట్టినవాడు కాదు, చుక్కాని పట్టినవాడు, బాయిలర్లో బొగ్గు వేసినవాడు.

సంకేత ఛేదన లేకపోతే ఇదంతా సాగేదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1941 రెండో సగంలో జర్మన్ సందేశాలు చదవగలిగినందువల్ల కాన్వాయ్‌లను, అంటే కలిసి ప్రయాణించే ఓడల గుంపులను, యూ-బోట్ల దారినుంచి తప్పించగలిగారు, చాలా ఓడలు బతికాయి. దాన్ని తక్కువ చేయను. కానీ 1942 ఫిబ్రవరిలో అట్లాంటిక్ యూ-బోట్లు ఎనిగ్మా యంత్రానికి నాలుగో చక్రం చేర్చాయి. అప్పటినుంచి డిసెంబరు దాకా బ్లెచ్లీ పార్కు వాటి మాట చదవలేకపోయింది. అదే కాలంలో జర్మన్లే మిత్రదేశాల కాన్వాయ్ సంకేతాలను చదువుతున్నారు. ఆ ఒక్క సంవత్సరంలో యూ-బోట్లు ముంచిన ఓడలు 1,000కి పైమాటే. మేధావులకు కళ్లు కట్టేసిన ఆ పది నెలల్లో కాన్వాయ్‌లు ఆగిపోయాయా? హాలిఫాక్స్ నుంచి, న్యూయార్క్ నుంచి బయల్దేరుతూనే ఉన్నాయి. దారి ఎటో శత్రువుకు తెలిసిపోయి, శత్రువు ఎక్కడున్నాడో మనకు తెలియని రోజుల్లో కూడా ఓడెక్కినవాడిని గొర్రె అనడం ఏం న్యాయం?

1943 వసంతంలో రాడార్లు, దూరం ఎగరగల లిబరేటర్ విమానాలు, చిన్న విమానవాహక నౌకలు కలిసి వచ్చి ఆ మే నెలలో 41 యూ-బోట్లను ముంచాయి. డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి వాటిని వెనక్కి పిలిచాడు. నిజమే. కానీ ఆ సాయం అందింది నాలుగో ఏట. అందేదాకా బ్రిటన్ తిన్నది ఎవరు తెచ్చిన తిండి?

కాన్వాయ్ అంటే కాపలా కింద నడిచే మంద అన్న ఊహ కూడా అబద్ధమే. అంతమంది ఒకచోట చేరితే శత్రువుకు సులువవుతుందని ఒకప్పుడు నౌకాదళంలోనే వాదించినవాళ్లున్నారు. సముద్రం అంత విశాలమైనప్పుడు నలభై ఓడల గుంపు కనబడే అవకాశం ఒంటరి ఓడ కనబడే అవకాశం కన్నా పెద్దగా ఎక్కువ కాదు. అందుకే అత్యధిక కాన్వాయ్‌లు ఒక్క ఓడా పోకుండా చేరాయి. భౌతిక శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్, ఆయన బృందం లెక్క కట్టి మరో సంగతి తేల్చారు. గుంపు పెద్దదైన కొద్దీ దాని చుట్టుకొలత అంతగా పెరగదు, కాబట్టి కాపలాకి కావలసిన నౌకలూ అంతగా పెరగవు. పోయే ఓడల సంఖ్య గుంపు పెద్దదైనందుకు పెరగదు. 1944 వేసవిలో 160కి పైగా ఓడల కాన్వాయ్ ఒక్క నష్టం లేకుండా అట్లాంటిక్ దాటింది. కాన్వాయ్ రూపమే ఒక ఆయుధం. ఆ రూపం చెదరకుండా పట్టి ఉంచింది సరకు ఓడల సిబ్బంది.

అది ఎంత కష్టమో ఊహించుకోవాలి. ఒక్కో ఓడ ఒక్కో వయసు, ఒక్కో వేగం, ఒక్కో దేశం. పక్క వరుసకు కిలోమీటరు లోపు దూరం, ముందు ఓడకు అందులో సగం. రాత్రి దీపాలు వెలిగించకూడదు. ఓడకు బ్రేకులుండవు. పొగమంచు పడితే ముందు ఓడ తాడుకట్టి ఈడ్చే బోయా ఎగజిమ్మే నీటిని చూసుకుంటూ వెనకాల ఓడ నడవాలి. పగలు పొగ ఎక్కువ వదలకూడదు, చెత్త సముద్రంలో పారేయాలన్నా చీకటి పడాలి. పక్క ఓడ మునిగి మనుషులు నీళ్లలో కేకలు వేస్తున్నా ఆగకూడదన్నది ఆజ్ఞ, ఎందుకంటే ఆగిన ఓడే తర్వాతి లక్ష్యం. ఇలా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. యుద్ధానికి ముందు వాళ్లలో చాలామందికి ఈ విద్య ఎవరూ నేర్పలేదు.

1940 అక్టోబరులో నోవాస్కోషియాలోని సిడ్నీ రేవు నుంచి ఎస్‌సీ 7 అనే నెమ్మది కాన్వాయ్ బయల్దేరింది. ఓడలు 35. దారిలో చాలా దూరం వాటికి తోడు ఒక్కటే చిన్న యుద్ధనౌక. 20 ఓడలు మునిగాయి. ఇనుప ఖనిజం మోసే ఓడ టార్పెడో తగిలాక నిమిషం లోపే అడుగుకి పోతుంది. కలప మోసేది మాత్రం కాసేపు తేలుతుంది. ఏ ఓడ ఎక్కితే ఏమవుతుందో నావికులందరికీ తెలుసు. తెలిసీ ఎక్కారు. తర్వాతి నెలలో హెచ్‌ఎక్స్ 84 కాన్వాయ్ మీద అడ్మిరల్ షేర్ అనే జర్మన్ యుద్ధనౌక విరుచుకుపడింది. 11,000 టన్నులకు పైగా విమాన పెట్రోలుతో వెళ్తున్న శాన్ డెమెట్రియో ఓడకి నిప్పంటుకుంది, సిబ్బంది పడవల్లో దిగిపోయారు. అందులో ఒక పడవకు రెండో రోజున సొంత ఓడే, ఇంకా మండుతూ, ఎదురైంది. వాళ్లు మళ్లీ ఎక్కారు. మంటలార్పారు, ఇంజను నడిపించారు, పటాలు లేకుండానే ఓడని స్కాట్లండు తీరం చేర్చారు. మంద చేసే పని కాదిది.

మరో వాదన ఉంది, అది మొదటిదానికన్నా నీచం. వాళ్లు జీతానికి వచ్చినవాళ్లే కదా, యుద్ధ భత్యం కూడా పుచ్చుకున్నారు కదా అని. సైనికుడు జీతం పుచ్చుకోడా? నౌకాదళ నావికుడి ఓడ మునిగినా అతని జీతం ఆగదు. సరకు ఓడ నావికుడి ఒప్పందం 1941 మే దాకా ఓడతోపాటే మునిగేది. ఓడ మునిగాక అతనికి దక్కేది నిరుద్యోగ పరిహారం, అదీ ఎక్కువలో ఎక్కువ రెండు నెలలకి. పడవలో చలికి వణుకుతూ గడిపిన రోజుల్లో అతను చట్టం దృష్టిలో ఉద్యోగం లేనివాడు. బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో 30,000 మందికి పైగా చనిపోయారు. నిష్పత్తిలో ఇది ఆ దేశ సైన్య, నౌకా, వైమానిక దళాల్లో దేని నష్టానికన్నా ఎక్కువ. ఈ లెక్క చూశాక కూడా ‘కూలికి వచ్చినవాళ్లు’ అనేవాళ్లకు నేనేం చెప్పాలో నాకు తెలియదు.

ఆ సిబ్బందిలో నాలుగోవంతు మనవాళ్లు. యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ ఓడల్లో దాదాపు 50,000 మంది భారతీయ నావికులున్నారు. లస్కర్లన్నారు, కళాసీలన్నారు. సిల్హెట్, నోఆఖాలీ, చిట్టగాంగ్, గోవా, రత్నగిరి, పంజాబు నుంచి వచ్చినవాళ్లు. సరంగు అనే మేస్త్రీ కింద పనిచేసే డెక్ మనుషులు, ఇంజన్ గదిలో నిప్పు దగ్గర ఉండే ఆగ్‌వాలాలు. టార్పెడో ఓడ పక్కటెముకకు తగిలితే ముందు పోయేది ఇంజన్ గదిలోనివాళ్లే. జీతం మాత్రం తెల్ల నావికుడి జీతంలో నాలుగోవంతో ఐదోవంతో. పడుకునే చోటూ తక్కువే. 1939 చివర్లో వాళ్లు సమ్మె చేశారు. ఇంగ్లండులో, ఇతర దేశాల రేవుల్లో ఓడెక్కబోమన్నారు. చాలామంది జైలుకి పోయారు. అఫ్తాబ్ అలీ, సూరత్ అలీ లాంటి నాయకులు మాట్లాడి కొంత పెంపు సాధించాక మళ్లీ ఓడెక్కారు. చలి దేశాల సముద్రాలకు లస్కరు పనికిరాడనీ, ఆపదలో గడబిడ పడతాడనీ బ్రిటిష్ రాతలు ముద్ర వేశాయి. 1940 సెప్టెంబరు 17 రాత్రి మునిగిన సిటీ ఆఫ్ బెనారెస్‌లో కెనడాకి తరలిస్తున్న పిల్లలు 90 మంది, వాళ్లలో 77 మంది చనిపోయారు. ఆ కథ అందరికీ తెలుసు. ఆ ఓడ సిబ్బందిలో పోయినవాళ్లలో అత్యధికులు భారతీయులన్నది మాత్రం కథలో ఉండదు. ఎనిమిది రోజులు సముద్రం మీద తేలి బతికి బయటపడ్డ 12వ నంబరు పడవలో ఎక్కువమంది మన కళాసీలే. జీతం పెంచమని అడిగినవాడికి ధైర్యం లేదనుకునేవాళ్లు ఈ పడవ గురించి చదవాలి.

మన దేశంలో మరో రకం అభ్యంతరం ఉంది. అది సామ్రాజ్యపు యుద్ధం, మనల్ని అడగకుండా వైస్రాయి మనల్ని దించిన యుద్ధం, కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేసింది అందుకే, మరి వీళ్లని ఎందుకు గౌరవించాలి అని. వైస్రాయి చేసింది అన్యాయమన్నదానితో నాకు పేచీ లేదు. ఆ అన్యాయం వీళ్లనే ముందు కాల్చింది కూడా. 1943 ఆరంభంలో హిందూ మహాసముద్రం నుంచి పెద్ద ఎత్తున ఓడల్ని అట్లాంటిక్‌కు మళ్లించారు. ఆ ఏడే బెంగాలులో కరువు. చిట్టగాంగ్, నోఆఖాలీ జిల్లాలు ఆకలితో అల్లాడాయి, ధాన్యం తెచ్చే ఓడలు లేవు. ఆ జిల్లాల మగవాళ్లే అట్లాంటిక్‌లో ఇతరుల తిండి మోస్తున్నారు. ఇది తెలిశాక కూడా వాళ్లని సామ్రాజ్యపు సేవకులని తోసేయడం, సామ్రాజ్యం చేసిన పనినే మనం రెండోసారి చేయడం.

వాళ్లని తోసేసింది మనమొక్కళ్లమే కాదు. అమెరికా తన వాణిజ్య నావికులకు మాజీ సైనికుల హోదా ఇచ్చింది 1988లో. లివర్‌పూల్ ఓడల్లో పనిచేసిన చైనా నావికుల్ని యుద్ధం ముగియగానే, 1945-46లో, భార్యాపిల్లలకు చెప్పకుండానే బ్రిటన్ బలవంతంగా పంపేసింది. లండన్ టవర్ హిల్ స్మారకం మీద రెండో యుద్ధంలో పోయిన నావికుల పేర్లు దాదాపు 24,000 చెక్కి ఉన్నాయి. భారతీయ నావికుల పేర్లు, 6,000కి పైగా, ఒక పుస్తకంలో ఉన్నాయి. దాని ప్రతి ఒకటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో, ఇంకొకటి ముంబైలో.

మన దేశం ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకా దినం జరుపుతుంది, 1919లో సింధియా కంపెనీ ఓడ ‘లాయల్టీ’ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరిన రోజది. కంపెనీ యజమానుల సాహసాన్ని తలుచుకునే ఆ రోజున ఆ 6,000 మందినీ తలుచుకోవాలి. ఆ పేర్లు ఓడలవారీగా, ఊళ్లవారీగా అచ్చు కావాలి. భారత సముద్రయాన విశ్వవిద్యాలయం విశాఖ ప్రాంగణంలో చదివే పిల్లలకు ఎస్‌సీ 7 గురించి, 1939 సమ్మె గురించి పాఠం ఉండాలి. పాఠ్యపుస్తకాల్లో అట్లాంటిక్ యుద్ధం వచ్చినచోట ఎనిగ్మా కన్నా ముందు ఆగ్‌వాలా పేరు రావాలి.