జాతరలో తోలుబొమ్మకు చోటు దక్కేనా?

పెద్దాపురం మరిడమ్మ తల్లి జాతర అంటే చుట్టుపక్కల గ్రామాలవారికి ఏడాదికొకసారి వచ్చే పెద్ద పండుగ. ఆషాఢ మాసంలో నెల రోజులకు పైగా సాగే ఈ జాతరకు మెట్ట నుంచీ, డెల్టా నుంచీ జనం తరలివస్తారు. అమ్మవారికి మొక్కు చెల్లించడం ఒక పని అయితే, పిల్లాపాపలతో జాతర చూడడం మరొక పని. జీళ్ళు, ఖర్జూరం కొనకుండా, రంగులరాట్నం ఎక్కకుండా ఇంటికి తిరిగి వెళ్ళిన పిల్లవాడు జాతర చూసినట్టు ఒప్పుకోడు.

అయితే జాతరల్లో ఆ చూడవలసినవే మారిపోతున్నాయి. చేత్తో తిప్పే చెక్క రాట్నం స్థానంలో మోటారుతో తిరిగే జెయింట్ వీల్ వచ్చింది. దాని పక్కన కొలంబస్, బ్రేక్ డాన్స్, డ్రాగన్ రైలు చేరాయి. తోలుబొమ్మలాట, బుర్రకథ, గారడీ, బయోస్కోపు పెట్టె ఒక్కొక్కటే తెరమరుగయ్యాయి. పాతవి పోయాయని పెద్దలు బాధపడుతుంటే, కొత్తవి వచ్చాయని యువకులు సంతోషిస్తున్నారు. ఏ ఊరి రచ్చబండ మీద జాతర మాట వచ్చినా ఈ వాదం తప్పడం లేదు.

పాతవి పోతే జాతర జాతర కాదు, వట్టి ఎగ్జిబిషన్ అని ఒక వర్గం వాదన. జనం మెచ్చినవే నిలుస్తాయి, మెచ్చనివి పోతాయి, దానికి విచారమెందుకని రెండో వర్గం సమాధానం. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాని పోయినవన్నీ ఒకే కారణం వల్ల పోలేదన్న సంగతిని ఇరువర్గాలూ మరచిపోతున్నాయి.

అమెరికాలోనూ ఇదే తగవు

ఈ తగవు ఒక్క గోదావరి జిల్లాలదే కాదు. అమెరికాలో డిస్నీ కంపెనీవారు నడిపే వినోద ఉద్యానవనాలకు ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళతారు. అక్కడ పాత ఆటలను తీసేసినప్పుడల్లా అభిమానులు రెండుగా చీలిపోతారు. ఫ్లోరిడాలోని పార్కులో 1971 నుంచీ నడిచిన 'మిస్టర్ టోడ్' అనే బండి ఆటను 1998లో మూసివేస్తుంటే అభిమానులు చొక్కాల మీద నినాదాలు అచ్చు వేయించుకుని వచ్చి నిరసన తెలిపారు. కంపెనీ వినలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో ఆట మూతపడింది.

దుంగ పడవ ఎక్కి నీళ్ళతో పాటు కొండ మీద నుంచి కిందికి జారే 'స్ప్లాష్ మౌంటెన్' అనే ఆట మరొకటి. 1989లో కాలిఫోర్నియాలో మొదలైన ఆ ఆటలోని బొమ్మలు, కథ 1946 నాటి ఒక సినిమా నుంచి తీసుకున్నవి. ఆ సినిమా నల్లజాతివారిని కించపరిచేదిగా ఉందని ఎంతోకాలంగా విమర్శ ఉంది. చివరకు 2023లో ఆ ఆటను కాలిఫోర్నియాలోనూ, ఫ్లోరిడాలోనూ మూసివేసి, 2024లో అదే కాలువ మీద వేరే కథతో కొత్త ఆట తెరిచారు. మంచి పని జరిగిందని కొందరు, చిన్ననాటి జ్ఞాపకం చెరిపేశారని కొందరు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 2025 జులైలో ఫ్లోరిడా పార్కులోని పాత ఆవిరి పడవనూ, అది తిరిగే ఏటినీ కూడా మూసివేశారు. ఆ చోట కార్ల సినిమా కథతో కొత్త ఆటలు కట్టడానికి పూనుకున్నారు.

అక్కడివారి పరిస్థితి ఒక్కటే. పార్కు కంపెనీది. ఏది ఉంచాలో, ఏది తీయాలో కంపెనీయే నిర్ణయిస్తుంది. అభిమానులు టికెట్టు కొనగలరు, గొడవ చేయగలరు, అంతే. మరిడమ్మ తల్లి జాతర ఏ కంపెనీదీ కాదు. అది ఊరిది. ఇక్కడ ఏది ఉండాలో అడిగే హక్కు ఊరివారికి ఉంది. ఆ హక్కును ఏ ఆట కోసం వాడుకోవాలన్నదే అసలు ప్రశ్న.

పోవలసినవి పోయాయి

పాతదల్లా మంచిదనుకోవడానికి వీల్లేదు. సర్కస్ డేరాలో సింహం, పులి, ఎలుగుబంటి కనిపించడం లేదని బాధపడే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలతో ప్రదర్శనలు చేయించరాదని కేంద్ర ప్రభుత్వం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కినా 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే సమర్థించింది. పిల్లలను సర్కస్ పనుల్లో పెట్టరాదని 2011లో అదే కోర్టు ఆదేశించింది. బోనులో బతికిన పులి, బడి ముఖం చూడని పిల్ల చేసిన విన్యాసాలకు చప్పట్లు కొట్టిన రోజులు తిరిగి రానవసరం లేదు.

'చింతామణి' నాటకం సంగతి ఇంత సులభం కాదు. సుమారు వందేళ్ళ నాడు కాళ్ళకూరి నారాయణరావు వేశ్యాలోలత్వం వల్ల కలిగే చేటును చెప్పడానికి రాసిన నాటకమది. జాతరల్లో, తిరునాళ్ళలో తెల్లవార్లూ ఆడిన నాటకాల్లో దానిదే అగ్రతాంబూలం. కాలక్రమాన నాటక సమాజాలవారు చప్పట్ల కోసం అందులో బూతు చేర్చారు. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించగా, వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. తోటివారిని నొప్పించే హాస్యం పోవలసిందే. కాని కలుపు తీయమంటే పైరు పీకేశారని కళాభిమానులు బాధపడడంలోనూ అర్థం ఉంది. బూతు చేర్చింది నారాయణరావు కాదు, తరువాతివారు. చేర్చినదాన్ని తీసేసి నాటకాన్ని నిలుపుకునే దారి ముందుగా వెతకవలసింది.

కాలం తీసుకుపోయినవి

కొన్ని ఆటలను ఎవరూ తీసివేయలేదు. కాలమే తీసుకుపోయింది. బయోస్కోపు పెట్టెలో తల దూర్చి పట్నం బొమ్మలు చూడడం, పట్నం చూడని రోజుల్లో వింత. ఈనాడు ప్రతి జేబులోనూ ఫోను ఉంది. ప్రపంచమంతా అందులోనే కనిపిస్తున్నది. టూరింగ్ టాకీసు డేరాలో ఇసుక మీద కూర్చుని సినిమా చూసిన తరం, ఇంట్లో టీవీ చూడడం మరిగిన తరువాత డేరా వైపు వెళ్ళలేదు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. ఆ తరువాత పదిహేను, ఇరవై ఏళ్ళలో పల్లెల్లో రాత్రి పూట కాలక్షేపమే మారిపోయింది. ఇవి పోయాయని ఎవరినీ నిందించలేము. జ్ఞాపకం చేసుకోవడం మినహా చేయగలిగింది లేదు.

చోటు లేక పోతున్నవి

మూడో రకం వేరు. అవి చెడ్డవి కావు. వాటికి కాలం చెల్లనూ లేదు. చూపిస్తే చూసేవారున్నారు, ఆడేవారూ ఉన్నారు. నిలబడడానికి చోటు దొరకక, పెట్టిన ఖర్చు రాక పోతున్నాయి. తోలుబొమ్మలాట అటువంటిది.

పెద్దాపురానికి సామర్లకోట ఎంత దూరమో అందరికీ తెలుసు. ఆ సామర్లకోట దగ్గరే, కాకినాడ వైపు, మాధవపట్నం ఉంది. తెలుగునాట తోలుబొమ్మలాటకు పేరుబడ్డ కొద్ది ఊళ్ళలో అది ఒకటి. తరతరాలుగా బొమ్మలు ఆడించిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఇంత దగ్గర ఇటువంటి కళాకారులుండగా ఈ ప్రాంతపు పిల్లల్లో ఎంతమంది తోలుబొమ్మ ఆడగా చూశారో పెద్దలే చెప్పాలి.

ఆ ఆట చూడనివారి కోసం నాలుగు మాటలు చెప్పడం అవసరం. మేకతోలును పలచగా, వెలుతురు దూరేటట్టు శుద్ధి చేసి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులు వేసి బొమ్మ చేస్తారు. కొన్ని బొమ్మలు మనిషి ఎత్తు ఉంటాయి. తెల్లని తెర కట్టి, వెనుక దీపం పెట్టి, తెరకు ఆనించి ఆడిస్తారు. బొమ్మ ఆడించేవాడే పద్యం పాడతాడు, మాట చెబుతాడు, యుద్ధం వచ్చినప్పుడు కాలికింద చెక్కలను టకటక తొక్కి చప్పుడు చేస్తాడు. హార్మోనియం, మద్దెల, తాళాలు తోడు. రామాయణ, భారత కథలు నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరి సంగతుల మీద చురకలు వేస్తారు. తోలుబొమ్మలాట ఆడిస్తే వానలు కురుస్తాయని పల్లెల్లో నమ్మకం. ఆషాఢంలో జరిగే జాతరకు ఇంతకంటే తగిన ఆట ఏముంటుంది?

ఈ కళ కాలానికి తగ్గట్టు మారనిదనడం కూడా సరికాదు. ఆముదం దీపం పోయి విద్యుద్దీపం వచ్చింది. పూర్వం కొన్ని బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది కూడదు గనుక మేకతోలు మీదే ఆధారపడ్డారు. తప్పు మానుకుని కళను నిలుపుకున్నారు.

అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. నిమ్మలకుంటవారు తోలు మీద దీపపు గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి పట్నాల్లో అమ్ముతున్నారు. ఆ పని వల్ల కుటుంబాలకు కూడు దొరుకుతున్నది, సంతోషమే. కాని తెర వెనుక పద్యం పాడవలసిన హనుమంతుడు పట్నంలో ఒకరి ముందుగదిలో దీపం చుట్టూ ఊరకే నిలబడితే బొమ్మ బతికినట్టే గాని ఆట బతికినట్టు కాదు. ఆట బతకాలంటే జనం కూర్చునే చోటు కావాలి. ఆ చోటు జాతరలోనే ఉంది.

అడ్డంకులేమిటి?

తోలుబొమ్మలు ఎవరు చూస్తారన్నది మొదటి అభ్యంతరం. తెల్లవార్లూ కూర్చుని చూసే ఓపిక నేటివారికి లేదన్న మాట నిజమే. అయితే లంకాదహనం వంటి ఒక్క ఘట్టాన్ని గంటన్నరలో ఆడించమంటే కళాకారులు కాదనరు. జెయింట్ వీల్ దిగిన పిల్లలు అటు వచ్చి కూర్చుంటారు.

చప్పుడు రెండో అడ్డంకి. పక్కన మైకుల్లో సినిమా పాటలు హోరెత్తుతుంటే తెర వెనుక మనిషి గొంతు ఎవరికి వినపడుతుంది? చోటిచ్చినా మోటారు ఆటల పక్కన ఇస్తే ఇవ్వనట్టే.

మూడోది, అసలైనది డబ్బు. జాతర స్థలాలను వేలం వేసే ఊళ్ళలో ఎక్కువ పాడినవారికే చోటు దక్కుతుంది. జెయింట్ వీల్ వ్యాపారి పెట్టుబడి పెట్టగలడు, అంత పాట పాడగలడు. తెర, పెట్టెడు బొమ్మలు, పట్టుమని పది మంది కుటుంబ సభ్యులు తప్ప మరేమీ లేని కళాకారుడు ఆ పాటలో నిలబడలేడు. జనం మెచ్చనందువల్ల పాత ఆటలు పోయాయనేవారు ఈ సంగతి గమనించాలి. పోటీలో ఓడిపోవడం వేరు, పోటీకే రానివ్వకపోవడం వేరు.

న్యూయార్కు నగరంలోని కోనీ ఐలాండులో 1927లో కట్టిన 'సైక్లోన్' అనే చెక్క రోలర్ కోస్టరు కథ ఇక్కడ చెప్పుకోదగ్గది. ఎత్తుపల్లాల పట్టాల మీద బండి దూసుకుపోయే ఆట అది. పక్కనున్న చేపల ప్రదర్శనశాలను పెంచడానికి స్థలం కావాలని దాన్ని 1970 దశకంలో పడగొట్టబోయారు. జనం గట్టిగా అడ్డుపడ్డారు. మరమ్మతులు చేసి 1975లో మళ్ళీ నడిపారు. 1988లో నగరం దానిని కాపాడవలసిన కట్టడాల జాబితాలో చేర్చింది. ఈనాటికీ జనం టికెట్టు కొని ఎక్కుతున్నారు. దానికి వచ్చిన ముప్పు జనం విసిగిపోవడం వల్ల కాదు, స్థలం వల్ల. ఆ స్థలం నిలిపాక ఆట దానంతట అదే బతికింది.

చేయవలసింది

జెయింట్ వీల్ వద్దని ఎవరూ అనడం లేదు. పిల్లల సరదా పిల్లలకు ఉండాలి. మోటారు ఆటల భద్రతను అధికారులు సరిగా తనిఖీ చేస్తే చాలు. అడిగేదల్లా, జాతర జరిగే నెలలో వారానికి ఒక్క రాత్రి తోలుబొమ్మలాటకు కేటాయించాలని. వేలంతో నిమిత్తం లేకుండా, మైకుల హోరుకు దూరంగా, అద్దె లేని చోటు ఇవ్వాలి. వానాకాలం గనుక పైన కప్పు ఉండాలి. కళాకారుల పారితోషికం ముందుగా నిర్ణయించి, ఆట ముగిసిన రాత్రే చేతికివ్వాలి. పళ్ళెంలో పడే చిల్లర మీద వారిని వదిలివేయరాదు. బడి పిల్లలను ఉపాధ్యాయులు తీసుకువస్తే మరీ మంచిది.

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. దేవస్థానంవారు, మునిసిపాలిటీవారు, ఊరి వర్తకులు తలా ఒక చెయ్యి వేస్తే సరిపోతుంది. చందా రాసేటప్పుడు బాణాసంచాకూ, లైటింగుకూ ఇచ్చినట్టే తోలుబొమ్మలకూ ఒక పద్దు ఉండాలి.

అలా చోటిచ్చి, నాలుగైదేళ్ళు ఆడించి చూశాక కూడా జనం రాకపోతే అప్పుడు కాలం చెల్లిందని ఒప్పుకోవచ్చు. చోటివ్వకుండానే కాలం చెల్లిందనడం న్యాయం కాదు. బొమ్మలు ఆడించడం తెలిసిన పెద్దవారి సంఖ్య ఏటేటా తగ్గుతున్నది. వారి పిల్లలు వేరే పనులకు పోతున్నారు. పద్యం ఒక తరం నోట ఆగిపోతే, తరువాత ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు. జాతర పెద్దలు, అధికారులు ఈ విషయాన్ని వచ్చే ఆషాఢానికి ముందే ఆలోచించడం మంచిది.